తండ్రిపేరు ఇంటిపేరైన కథ

కలకత్తా నగరంలో దక్షిణ పార్కు వీధి శ్మశానవాటిక అని ఒక ప్రాత క్రైస్తవ సమాధిస్థలం ఉన్నది. అందలి సమాధులన్నింటికంటె ఎత్తుగా ఒక శిఖరస్తంభం నిలిచి కనిపిస్తుంది. దాని క్రింద 1794 నుండి దీర్ఘనిద్రలో ఉన్నవాడు సర్ విలియం జోన్సు. 1784లో ఆసియాటిక్ సొసైటీని స్థాపించినవాడు ఆయన. సంస్కృతం, గ్రీకు, లాటిను ఒకే మూలభాష నుండి పుట్టి ఉండవలెనని 1786లో సభాముఖంగా చెప్పినవాడు ఆయన. 1789లో కాళిదాసు శాకుంతలాన్ని ఆంగ్లంలోనికి తెచ్చి ఐరోపా పండితులను విస్మయపరచినవాడూ ఆయనే. ఆయన పాండిత్యాన్ని గూర్చి మన పాఠకులు ఎన్నోమారులు చదివి ఉంటారు. ఆయన ఇంటిపేరును గూర్చి ఆలోచించినవారు మాత్రం అరుదు.

జోన్సు అనగా జాను కొడుకు అని అర్థం. కాని సర్ విలియం జోన్సు తండ్రి పేరు జాను కాదు, విలియం. అయితే ఈ జాను ఎవరు?

ఆ జాను ఆయన తాత. వేల్సు దేశపు వాయవ్యకోణంలో ఆంగ్లిసీ అనే ద్వీపం ఉన్నది. అక్కడ ల్లాన్‌విహాంగెల్ ట్రేర్ బైర్ద్ అనే పల్లెపట్టున పొలం దున్నుకొని బ్రతికిన సామాన్య గృహస్థు ఆయన. ఆ ఊరిపేరు చివరి భాగానికి కవుల పల్లె అని అర్థం. తాతగారిని ఇరుగుపొరుగువారు పిలిచిన పేరు షోన్ షోర్. షోన్ అంటే జాను, షోర్ అంటే జార్జి. జార్జి కొడుకైన జాను అన్నమాట. ఈ జానుకు 1675 ప్రాంతంలో విలియం అనే కొడుకు పుట్టినాడు. జాను కొడుకు కనుక ఆ పిల్లవాడు విలియం జోన్సు అయినాడు. పెరిగి పెద్దవాడై లండను చేరి గొప్ప గణితవేత్త అనిపించుకొన్నాడు. వృత్తపరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని పై అనే గ్రీకు అక్షరంతో 1706లో మొదట సూచించినవాడు ఈయనే. ఈయన విషయంలో జోన్సు అన్న మాట అక్షరాలా సత్యం.

1746లో ఈయనకు లండనులో కొడుకు పుట్టినాడు. తాతల ఆచారం ప్రకారం ఆ శిశువు విలియం కొడుకు విలియం కావలసినది. కాలేదు. తండ్రికి తగిలిన పేరే కొడుకుకూ తగిలినది. ఒక్క తరం గడిచేసరికి ఆ పేరు నిజం చెప్పడం మానివేసినది. ఆ ఒక్క అడుగులో జరిగినదేమిటో తెలిసికొంటే ఒక దేశపు చరిత్రలో పెద్ద భాగం తెలిసికొన్నట్లే.

సంస్కృతం చదివినవారికి వెల్షువారి ప్రాత పద్ధతి క్రొత్తది కాదు. దశరథుని కొడుకు దాశరథి. వసుదేవుని కొడుకు వాసుదేవుడు. కుంతి కొడుకు కౌంతేయుడు. వ్యాకరణంలో దీనిని అపత్యార్థక తద్ధితం అంటారు. అపత్యం అనగా సంతానం. రాముడు దాశరథి కాని, కుశలవులను దాశరథులని ఎవరూ అనరు. తరం మారితే మాట మారుతుంది. వెల్షు భాషలో కొడుకును మాబ్ అంటారు. పేర్ల నడుమ నలిగి నలిగి ఆ మాట ఆప్ అనీ, అచ్చు ముందు ఆబ్ అనీ నిలిచినది. ఐరిషువారి పేర్లలో, స్కాట్లండువారి పేర్లలో కనిపించే మాక్ అన్నది దీనికి జ్ఞాతి. పదునాలుగవ శతాబ్దపు వెల్షు మహాకవి పేరు డావిద్ ఆప్ గ్విలిం. గ్విలిం కొడుకు డావిద్ అని తాత్పర్యం. ఆడుబిడ్డ పేరు తరువాత కూతురు అనే అర్థంలో వెర్ఖ్ అని చేర్చి తండ్రిపేరు చెప్పేవారు. పెండ్లి అయినంత మాత్రాన ఆమె తన తండ్రికి కూతురు కాకుండా పోదు గదా! కనుక ఆ పేరు మారనవసరం లేకపోయినది.

పేరు ఒక్క తండ్రితో ఆగేది కాదు. తండ్రి, తాత, ముత్తాత, వాని తండ్రి, ఇట్లా ఆప్ మీద ఆప్ చేర్చుకొంటూ పోయేవారు. ఆరేడు తరాల పూర్వుల పేర్లు అక్కడి సామాన్య జనులు సైతం తడువుకోకుండా చెప్పగలరని గెరాల్డు అనే మతాచార్యుడు 1194 ప్రాంతంలో వేల్సును వర్ణిస్తూ వ్రాసినాడు. ఇది వట్టి వంశాభిమానం కాదు. పదవ శతాబ్దపు హవెల్ ద్దా అనే రాజు పేరిట ప్రసిద్ధమైన అక్కడి ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి భూమి కొడుకులందరికీ సమంగా చెందేది. ఒకడు హత్య చేస్తే ఆ పరిహారధనాన్ని వాని దాయాదులు పంచుకొని చెల్లించవలసి వచ్చేది. ఎవనికి ఎవడు ఏమవుతాడో తెలియనివానికి భూమి మీద హక్కూ లేదు, ఆపదలో అండా లేదు. మన శ్రాద్ధకర్మలో తండ్రి తాత ముత్తాతలను పేరుపేరునా తలచుకొంటాం. వెల్షువాడు తన పేరు చెప్పిన ప్రతిసారీ ఆ పని చేసినట్లే. ఆ పేరే వాని దస్తావేజు.

ఈ వ్యవస్థను పదునారవ శతాబ్దం కూల్చివేసినది. ఎనిమిదవ హెన్రీ కాలంలో 1536లోను, 1543లోను చేసిన శాసనాలు వేల్సును ఇంగ్లండులో కలిపివేసినవి. న్యాయస్థానాలలో ఆంగ్లం రాజ్యమేలినది. అన్నదమ్ముల సమభాగం పోయి జ్యేష్ఠునికే భూమి అన్న ఆంగ్లధర్మం వచ్చినది. వంశావళి కంఠస్థం చేయవలసిన అక్కర తీరిపోయినది. పైగా ఆ పొడుగుపాటి పేర్లు ఆంగ్ల లేఖకులకు తలనొప్పి అయినవి.

ఆ రోజులలో సరిహద్దు పరిపాలకుడుగా ఉన్న బిషప్పు రోలండు లీ ఎదుట జరిగినట్లు ఒక ఉదంతం చెప్పుకొంటారు. జూరీ సభ్యుల పేర్లు చదువుతుంటే ఆప్ వెంబడి ఆప్ వస్తూ ఎంతకూ తెగలేదట. ఆయన విసిగి, ఇకమీదట ప్రతివాడూ చివరి పేరునో, తన నివాసం పేరునో మాత్రమే పెట్టుకోవలెనని ఆజ్ఞాపించినాడట. తామస్ ఆప్ రిచర్డ్ ఆప్ హవెల్ ఆప్ యెయన్ వైఖన్ అనే పెద్దమనిషి ఆనాటితో తన మోస్టిన్ గ్రామం పేరు ధరించి తామస్ మోస్టిన్ అయినాడట. ఊరిపేరు ఇంటిపేరు కావడం తెలుగువారికి వింత కాదు. మన ఇంటిపేర్లలో అధికభాగం అట్లా పుట్టినవే. కాని వేల్సులో ఈ మార్గం పట్టినవారు కొద్దిమంది. తక్కినవారికి ఆ క్షణాన తండ్రిపేరు ఏది ఉంటే అదే శిలాక్షరమైనది.

ఆ క్షణం అందరికీ ఒక్కసారి రాలేదు. మొదట భూస్వాములకు వచ్చినది. తరువాత సరిహద్దు జిల్లాలకు, పట్టణాలకు వచ్చినది. వాయవ్యపు కొండపల్లెలలో కూలినాలి జనానికి పందొమ్మిదవ శతాబ్దం మొదటి రోజుల వరకూ కొన్ని చోట్ల తండ్రిపేరు మార్చుకొనే ఆచారమే సాగినది. లేఖకుని కలం ముందు ప్రాతపేర్లు చిత్రమైన రూపాలు దాల్చినవి. ఆప్ హవెల్ కాస్తా పవెల్ అయినది. ఆప్ రిస్ ప్రైస్ అయినది. ఆప్ హ్యూ ప్యూ అయినది. ఆప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయినది. ఆబ్ ఓవెన్ బోవెన్ అయినది. తండ్రి నోటి నుండి జారిన ఆప్‌లో ఒక్క హల్లు మాత్రం కొడుకు పేరు మొదట అంటుకొని మిగిలినది.

ఇంతకంటె సులువైన మార్గం ఇంకొకటి ఉన్నది. తండ్రిపేరు చివర ఆంగ్ల షష్ఠీవిభక్తి ప్రత్యయమైన సకారం తగిలిస్తే సరిపోయినది. జోన్సు అట్లా వచ్చినదే. సరిగా చూస్తే అందులో కొడుకు అన్న మాట కూడా లేదు. జాను యొక్క అని మాత్రమే ఉన్నది. ఆ ప్రత్యయం వెల్షు భాషది కాదు. విచిత్రమేమంటే, మొదటి అక్షరమైన జకారానికి వెల్షువారి సంప్రదాయ వర్ణమాలలో స్థానమే లేదు. వేల్సులో అత్యధిక సంఖ్యాకులు ధరించిన పేరు వెల్షు లిపిలో లేని అక్షరంతో మొదలై, వెల్షు వ్యాకరణంలో లేని ప్రత్యయంతో ముగుస్తున్నది!

ఈ జాను మన తెలుగు క్రైస్తవులకు పరిచితుడైన యోహానే. ఒక్క యోహాను పేరే వేల్సులో షోన్ అనీ, ఈవాన్ అనీ, ఇవన్ అనీ పలు రూపాలు పొందినది. కనుక జోన్సు, ఈవాన్సు, ఆబ్ ఈవాన్ నుండి వచ్చిన బెవాన్, చిన్న జాను అనే ముద్దుపేరు నుండి వచ్చిన జెంకిన్సు, వీరందరూ పేరును బట్టి యోహాను కొడుకులే. 1948లో బ్రిటనులో ఉచితవైద్య వ్యవస్థను నెలకొల్పిన మంత్రి అనైరిన్ బెవాన్ కూడ ఆ కోవలోనివాడే.

ఇక్కడ ఒక భ్రమ తొలగవలసి ఉన్నది. జోన్సులందరికీ మూలపురుషుడైన జాను ఒకడు లేడు. వేల్సులో నాడు వాడుకలో ఉన్న పురుషనామాలు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవి. వాటిలో జాను మరీ ప్రబలం. ఏ ఊరిలోనైనా, ఏ సంవత్సరంలోనైనా, పేరు గడ్డకట్టే వేళకు తండ్రి జాను అయితే చాలు, ఆ కుటుంబం జోన్సు అయిపోయినది. ఇట్లా వేలకొలది జానులు వేరువేరు ఊళ్ళలో వేరువేరు జోన్సు వంశాలకు ఆదిపురుషులైనారు. మనలో ఇంటిపేరు ఒకటే అంటే జ్ఞాతిత్వం ఉన్నదేమోనని వియ్యమందడానికి వెనుకాడుతాం. జోన్సు పిల్లను జోన్సు పిల్లవానికి ఇవ్వడానికి అక్కడ ఎవరికీ సందేహం కలుగలేదు.

ఫలితం లెక్కలలో తెలుస్తున్నది. 1813కూ 1837కూ నడుమ వేల్సులో నమోదైన వివాహాలను పరిశీలించినవారు నూటికి పదముగ్గురికి పైగా జోన్సులే ఉన్నట్లు తేల్చినారు. 1853 నాటి అంచనా ప్రకారం ఇంగ్లండు, వేల్సులలో కలిపి స్మిత్తులు 2,53,600 మంది, జోన్సులు 2,42,100 మంది. స్మిత్తు అంటే కమ్మరి. కమ్మరి లేని ఊరు లేదు కనుక ఆ పేరు ఇంగ్లండంతటా పుట్టినది. అంతటి పేరుకు సరిజోడుగా నిలిచిన జోన్సు పుట్టుకకు ఆధారం ఒక చిన్న కొండసీమ. వేల్సులో జాన్ జోన్సు అన్న పేరు మనిషిని తెలుపడానికి బదులు శాశ్వతంగా మరుగుపరుస్తున్నదని ఆనాటి జనన మరణాల ప్రధానాధికారి నివేదికలోనే వ్యాఖ్యానం ఉన్నది. మనిషిని గుర్తించడానికి శాసించిన పేరు మనిషిని దాచే ముసుగైనది.

జనం మాత్రం ఊరుకోలేదు. రొట్టెల జోన్సు, పాల జోన్సు, ఉత్తరాల జోన్సు అని వృత్తులను బట్టి పిలిచినారు. పొలం పేరు చెప్పి పిలిచినారు. కవులైతే కలం పేర్లను ఆశ్రయించినారు. 1792లో బాలా పట్టణంలో పుట్టిన కవి జాన్ జోన్సు ఆ ప్రక్కనున్న సరస్సు పేరు గ్రహించి టెగిడ్ అయినాడు. 1810లో పుట్టిన వేరొక జాన్ జోన్సు తన ఊరిపేరులోని చివరిమాట గ్రహించి టాల్‌హాయర్న్ అయినాడు. సైన్యంలో ఆ పాటి కవిత్వం కూడ లేదు, అంకెలే గతి. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్టు పోరాటంలో మండుతున్న ఆసుపత్రి నుండి రోగులను కాపాడి విక్టోరియా క్రాసు పొందినవారిలో ఇద్దరు జోన్సులు ఉన్నారు. ఒకే గుమ్మం కడ భుజం భుజం కలిపి నిలిచిన ఆ విలియం జోన్సు, రాబర్టు జోన్సులను పటాలపు పట్టీ 593 అనీ, 716 అనీ గుర్తించినది.

ఇక ఈ పేరు దేశాలు పట్టిపోయిన తీరు చూతము. పందొమ్మిదవ శతాబ్దంలో జోన్సులు దట్టంగా ఉన్నది వాయవ్య వేల్సులో. అక్కడి నుండి సరిహద్దు దాటి ష్రాప్‌షైరు, చెషైరు సీమలకు, లివర్‌పూలు రేవుకు, లండనుకు బ్రతుకుతెరువు వెదకుకొంటూ పోయినారు. దక్షిణాన రోండా వంటి లోయలలో బొగ్గుగనులు తెరిచినప్పుడు ఉత్తరపు జోన్సులు దక్షిణపు జోన్సులతో గనులలో కలిసికొన్నారు.

1865 మే నెలలో మిమోసా అనే నౌక సుమారు 150 మంది వెల్షువారితో లివర్‌పూలు విడిచినది. ఆంగ్లం వినరాని చోట తమ భాషను బ్రతికించుకోవలెనన్నది వారి సంకల్పం. రెండు నెలలకు దక్షిణ అమెరికాలోని పాటగోనియా తీరం చేరినారు. ఈ వలసకు ప్రేరకుడు బాలా పట్టణపు మతాచార్యుడు మైకేలు జోన్సు. ముందుగా పోయి నేల చూచి వచ్చినవారు లూయిసు జోన్సు, లవ్ జోన్సు ప్యారీ. అర్జెంటీనాలోని ట్రెలూ నగరం పేరులో నేటికీ లూయిసు జోన్సు ఉన్నాడు. ట్రె అనగా ఊరు, లూ అనగా లూయిసు. మన మాటలో చెప్పవలెనంటే లూయిసుపురం. జ్ఞాపకానికి నిలిచినది ఆయన సొంత పేరే కాని జోన్సు కాదు. ఆ ఇంటిపేరుతో ఊరు పెడితే ఏ జోన్సుదో తెలిసేదెట్లా?

అదే 1865లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసత్వం రద్దయినది. బానిసకు చట్టం ఎదుట ఇంటిపేరు ఉండేది కాదు. విముక్తులైన నల్లవారు దస్తరాలలో ఎక్కవలసి వచ్చినప్పుడు కొందరు ప్రాత యజమానుల పేర్లు, కొందరు తాము కోరుకొన్న పేర్లు వ్రాయించుకొన్నారు. 2010 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో జోన్సులు 14 లక్షల 25 వేలకు పైగా ఉన్నారు. సంఖ్యలో అయిదవ పేరు అది. వారిలో మూడింట ఒక వంతుకు మించి నల్లవారు. ఆంగ్లిసీ ద్వీపంలో షోన్ కొడుకు ధరించిన పేరు, తన అసలు తండ్రి పేరైనా చెప్పుకోనివ్వని వ్యవస్థలో నలిగినవాని మనుమలకు సంక్రమించినది. వెల్షువానికి ఈ పేరు మరచిపోయిన తాతను గుర్తుచేస్తున్నది. వీరికి అది కూడ చేయడం లేదు.

పోయినదానిని తిరిగి తెచ్చుకొనే యత్నాలు లేకపోలేదు. పాటగోనియా వలసకు ప్రేరకుడైన మైకేలు జోన్సు కుమారుడు జోన్సు అన్న ఆంగ్లరూపం విడిచి ల్లూయిడ్ ఆప్ ఇవన్ అని పేరు పెట్టుకొన్నాడు. ఇవన్ అంటే జాను. పేరు తన భాషలోనికి వచ్చినది. ఎంతో ఆత్మగౌరవంతో చేసిన పని. కాని చిత్తగించండి, ఆయన తండ్రి ఇవన్ కాదు, మైకేలు! భాష తిరిగి వచ్చినది కాని తండ్రి తిరిగి రాలేదు. ఆయన 1909లో పాటగోనియాలోనే బందిపోట్ల తుపాకికి బలి అయినాడు.

2006 నవంబరులో కార్డిఫ్ నగరంలో ఒకే ఇంటిపేరు గలవారి మహాసభ ఒకటి జరిగినది. 1,224 మంది జోన్సులు ఒక్క కప్పు క్రింద చేరి ప్రపంచ రికార్డు స్థాపించినారు. ఆ సభలో ఒకరికొకరు ఏమవుతారంటే చాలమందికి ఏమీ కారు. వేల్సు జనాభాలో జోన్సులు ఆ దశకంలో నూటికి సుమారు ఆరుగురు. ఇంగ్లండులో నూటికి ఒకరికంటె తక్కువ. ఇతరులు వచ్చి చేరిన కొద్దీ, తాము బయటికి పోయిన కొద్దీ పుట్టినచోట ఆ పేరు పలుచబడుతున్నది. ప్రపంచంలో మాత్రం పరచుకొన్నది.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అని మనం నవ్వుకోవడానికి వీలు లేదు. తమిళ సోదరులు పేరుకు ముందు తండ్రిపేరులోని మొదటి అక్షరం పెట్టుకొంటారు. అది వెల్షువారి ఆప్ వంటిదే. తరం మారితే అక్షరం మారుతుంది. విదేశాలకు పోయినప్పుడు ఇంటిపేరు ఏదని కాగితం అడిగితే వారిలో అనేకులు తండ్రిపేరు వ్రాస్తారు. అక్కడ పుట్టిన బిడ్డకు అదే ఇంటిపేరవుతుంది. అంటే తాతపేరు తండ్రిస్థానంలో నిలిచిపోతుంది. 1746లో లండనులో విలియం జోన్సు ఇంట జరిగినది మరల జరుగుతున్నదన్నమాట. ఐస్‌లండువారు ఈ ప్రమాదాన్ని గుర్తించి క్రొత్త వంశనామాలు పెట్టుకోరాదని 1925లోనే చట్టం చేసికొన్నారు. నేటికీ అక్కడ కొడుకు పేరు చివర తండ్రిపేరే వస్తున్నది. వారి టెలిఫోను పట్టికలు సైతం సొంత పేర్ల అకారాదిక్రమంలో అచ్చయినవే.

తెలుగువాని ఇంటిపేరు ఊరిని దాచుకొన్నది, తండ్రిని దాచుకోలేదు. ఎన్నడూ చూడని ఊరిపేరు మోస్తూ అమెరికాలో తిరుగుతున్న తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వారి ఇంటిపేరును బట్టి పూర్వుల గ్రామం తెలియవచ్చును. తాత ముత్తాతల పేర్లు మాత్రం ఎవరైనా చెపితేనే తెలుస్తవి. ఇంటిపేరు మారదన్న ధైర్యంతో మనుషుల పేర్లు చెప్పడం మానివేస్తే, మన గతి జోన్సుల గతికి భిన్నం కాదు.

సర్ విలియం జోన్సును గూర్చి ఒక ముచ్చట చెప్పుకొంటారు. ఫ్రాన్సు రాజుకు ఆయనను పరిచయం చేస్తూ రాయబారి, ఈయనకు ప్రపంచంలో భాషలన్నీ వచ్చును, తన భాష ఒక్కటి తప్ప అన్నాడట. రాయబారి ఉద్దేశించినది వెల్షు భాషను. సంస్కృతానికీ గ్రీకుకూ గల జ్ఞాతిత్వాన్ని చెప్పి లోకాన్ని మెప్పించిన ఆ మహాపండితునికి షోన్ షోర్ అని తన తాతను పిలిచిన నుడి రాకపోయినది. మూడేండ్ల పసితనంలోనే తండ్రి చనిపోయినాడు. ద్వీపంలోని పొలాన్ని గూర్చీ, తాతను గూర్చీ చెప్పవలసిన మొదటి నోరు ఆనాడే మూతపడినది.

మన పల్లెలలో కొత్త పిల్లవాడు కనబడితే అరుగు మీది ముసలివాడు, ఎవరబ్బాయివి నాయనా అని అడుగుతాడు. ఇంటిపేరు చెపితే ఆయనకు చాలదు. తండ్రిపేరు చెప్పవలెను. అదీ చాలకపోతే తాతపేరు చెప్పవలెను. అప్పుడు ఆ ముసలి ముఖం వికసించి, ఓహో ఫలానావారి మనుమడివా అంటాడు. ఆ ప్రశ్న అడిగే అరుగులూ, ఆ జవాబు చెప్పగల పిల్లలూ ఉన్నంత కాలం ఏ దస్తరం ఏ పేరు వ్రాసికొన్నా నష్టం లేదు.